వ్యాపార వినియోగమునకు ల్యాప్‌టాప్: వెల, మన్నిక, మరమ్మతు

కార్యాలయపు పనికై ల్యాప్‌టాప్ కొనదలచి దుకాణమునకు వచ్చువారిలో పెక్కుమంది రెండే ప్రశ్నలు అడుగుదురు: వెల యెంత, ప్రాసెసరు ఏది అని. ఈ యంత్రము ఎన్ని సంవత్సరములు నడచును, నడుమ చెడినచో ఎవరు, ఎంత ఖర్చుతో, ఎన్నాళ్ళలో బాగుచేయుదురు అను మూడవ ప్రశ్నను అడుగువారు కొలదిమంది. ఇంటిలో సినిమాలు చూచుకొను యంత్రము వారము దినములు మూలబడిన కలుగు నష్టము స్వల్పము. కాని 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20వ తేదీకి జీఎస్టీఆర్-3బీ దాఖలు చేయవలసిన ఆడిటరు కార్యాలయములోను, లారీ కదలకముందే ఈ-వే బిల్లు తీయవలసిన బియ్యపు మిల్లులోను, సాయంకాలము లోపల రైతులందరికి తక్‌పట్టీలు (అమ్మకపు లెక్కచీటీలు) వ్రాసి యీయవలసిన గుంటూరు మిర్చి యార్డు కమిషను దుకాణములోను ఒక్క దినము యంత్రము ఆగెనేని ఆగునది యంత్రము మాత్రమే కాదు, దానిని ఆశ్రయించియున్న పని యావత్తును ఆగును. కనుక వ్యాపారి విషయమున మూడవ ప్రశ్నయే మొదటి ప్రశ్న కావలెనని నా దృఢాభిప్రాయము. తక్కిన విషయములన్నింటిని ఆ దృష్టితోనే పరిశీలింపబూనితిని.

మన్నిక యనగా ఎన్నడును చెడకుండుట యని సామాన్యముగా తలచుచుందురు. అట్టి యంత్రము లోకములో లేదు. బండిచక్రపు ఇనుప పట్టా అరిగినంతమాత్రమున రైతు బండిని పారవేయడు. పట్టా మార్పించి మరల నడుపుకొనును. ల్యాప్‌టాప్ విషయమునను మన్నిక యనగా అరుగు భాగములు వేరుగా నుండి, వేరుగా దొరకి, తక్కువ ఖర్చుతో మార్చుటకు వీలగుట. ఈ నిర్వచనమును అంగీకరించినచో ఏ యంత్రము చౌక, ఏది ప్రియము అను లెక్క చాలవరకు తలక్రిందులగును.

ఇంతకు చెడునది ఏది? ప్రకటనలలో అన్నింటికంటె పెద్ద యక్షరములతో కనబడు ప్రాసెసరు చెడుట మిక్కిలి అరుదు. మరమ్మతు దుకాణమునకు వచ్చు యంత్రములలో తరచుగా కానవచ్చు వ్యాధి తెరను తెరచి మూయు కీళ్ళది; వానినే బజారులో హింజీలు అందురు. చౌక యంత్రములలో ఈ కీలు బిగించు మరలు ప్లాస్టిక్కులో పొదిగిన చిన్న ఇత్తడి గుబ్బలలోనికి దిగియుండును. కీలు క్రమముగా బిగుసుకొనినకొలది, తెరను ఒక మూల పట్టి ఎత్తినప్పుడెల్ల, ఆ బలమంతయు ప్లాస్టిక్కు మీదనే పడి, ఒకనాడు గుబ్బ ఊడి, పైడొప్ప పగిలి, వెంటనే తెర తీగయు తెగును. తరువాతిది ఛార్జింగ్ పిన్ను. అది చిన్న విడిభాగముగా తీగతో కలుపబడియున్నచో కొన్ని వందల రూపాయలతో మారును. మదర్‌బోర్డుకే అతికింపబడియున్నచో అతుకుటయందు నేర్పుగల పనివానిని వెదకికొనవలెను. మూడవది బ్యాటరీ. లిథియం-అయాన్ బ్యాటరీ సాధారణముగా 300 మొదలు 500 వరకు పూర్తి ఛార్జింగ్ ఆవృత్తులు గడచుసరికి తన ధారణశక్తిలో అయిదవవంతు కోల్పోవును. నిరంతరము నూటికి నూరు నిండియుండి, వేడిలో నున్నచో ఇంకను శీఘ్రముగా క్షీణించి, ఒక్కొక్కప్పుడు ఉబ్బి, టచ్‌ప్యాడును పైకి నెట్టును. టచ్‌ప్యాడు ఒక ప్రక్క ఎత్తుగా కనబడిన యంత్రమును ఆ క్షణముననే ఆపి బ్యాటరీ తీయించుట ప్రాణరక్షణకు సంబంధించిన విషయము గాని డబ్బుకు సంబంధించినది కాదు.

వేడిమి, ధూళి మన ప్రాంతపు ప్రత్యేక శత్రువులు. రెంటచింతల, రామగుండము ఎండలలో రేకుల కప్పు క్రింద పనిచేయు యంత్రమును, ఆదోని, వరంగల్లు జిన్నింగ్ మిల్లులలో దూదిపింజెల నడుమ పనిచేయు యంత్రమును చలిదేశపు గదులలో జరిగిన పరీక్షల ఫలితములను బట్టి అంచనా వేయరాదు. ఫ్యాను రెక్కలకును రాగి రేకులకును నడుమ దుమ్ము కంబళివలె పేరుకొని, గాలి ఆగి, ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనగా, యజమాని యంత్రము ముసలిదైనదని నమ్మి క్రొత్తది కొనును. ఏడాదికొకసారి అడుగు మూత విప్పి దుమ్ము దులిపించి, రెండు మూడేండ్లకొకసారి వేడిని పీల్చు పేస్టు మార్పించిన యంత్రములలో అనేకము యౌవనమును తిరిగి పొందును. అందుచేత అడుగు మూత మామూలు మరలతో విప్పుటకు వీలగునా, కానిచో కీబోర్డును పెకలించి గాని లోనికి పోవుటకు వీలులేదా అనునది కొనునాడే విచారింపవలసిన విషయము. విశాఖ, కాకినాడ తీరములలో ఉప్పుగాలి లోహపు కొనలను తినివేయును. వాడినను వాడకున్నను అక్కడి యంత్రమును మూతపెట్టి పొడిచోట నుంచుట మేలు.

ఈ రోగములన్నింటికి మందు ఒక చరిత్రలో దొరకుచున్నది. 1981లో వెలువడిన ఆస్‌బోర్న్ 1 సుమారు పదునొకండు కిలోల బరువుతో చేతిపెట్టెగా మోసుకొనిపోవు కంప్యూటరు కాగా, 1992లో ఐబీఎం సంస్థ రిచర్డ్ సాపర్ రూపకల్పనలో థింక్‌ప్యాడ్ అను నల్లపెట్టెను విడుదల చేసినది; 1994లో డెల్ ల్యాటిట్యూడ్, 2008లో హెచ్‌పీ ఎలైట్‌బుక్ వచ్చినవి. ఐబీఎం కంప్యూటరు విభాగమును 2005లో లెనోవో కొనిన తరువాత కూడ థింక్‌ప్యాడ్ పేరు నిలచినది. డెల్ మాత్రము 2025లో ల్యాటిట్యూడ్ పేరు మాని డెల్ ప్రో అని పిలువసాగినది. ఈ శ్రేణులు పుట్టినది విడి కొనుగోలుదారుని కొరకు కాదు, ఒక్క ఆర్డరుతో వేలకొలది యంత్రములు కొని, ఒక్కటి చెడినను పని ఆగరాదని ఒప్పందములలో వ్రాయించుకొను పెద్ద సంస్థల కొరకు. అట్టి గిరాకీదారు బెదరించి పొందిన మేలులు కలవు: ఒకే నమూనా విడిభాగములు ఏండ్ల తరబడి దొరకుట, ఏ మర తరువాత ఏ మర విప్పవలెనో బొమ్మలతో వివరించు మరమ్మతు గ్రంథమును సంస్థయే బహిరంగముగా ప్రకటించుట, కీళ్ళను లోహపు చట్రమునకు బిగించుట, కీబోర్డుపై కొంచెము నీరు ఒలికినను నేరుగా మదర్‌బోర్డుకు చేరకుండ అడ్డుకట్టలుంచుట. గృహవినియోగపు శ్రేణులలో నమూనాలు ఆరేడు నెలలకే మారిపోవుటచేత, మూడేండ్ల తరువాత దాని తెర గాని కీబోర్డు గాని కావలెనన్నచో దొరకుట దైవాధీనము.

ఈ రెండు తరగతులకు నడుమ థింక్‌ప్యాడ్ ఈ-శ్రేణి, హెచ్‌పీ ప్రోబుక్ వంటి మధ్యమ శ్రేణులు వెలసినవి. వీనిని నిరసింపరాదు, మితిమీరి నమ్మరాదు. ఉన్నత శ్రేణి పేరును కొంత పంచుకొన్నను దేహదార్ఢ్యమంతయు వీనికి సంక్రమింపలేదు. ఐనను క్రొత్తదియే కావలెనని, బిల్లుతో వారంటీతో కావలెనని పట్టుబట్టు చిన్న వ్యాపారికి ఇవి న్యాయమైన వెలకు దొరకు మంచి యంత్రములు. పొలములలో సర్వే చేయువారికి, గనులలో పనిచేయువారికి పానసోనిక్ టఫ్‌బుక్ వంటి కవచధారులు కలవుగాని, దుకాణపు బల్లపై నుండు యంత్రమునకు అంత కవచము వ్యర్థవ్యయము.

ప్రకటనలలో విరివిగా వాడబడు ఒక మాటను గూర్చి పాఠకులను హెచ్చరింపవలసియున్నది. పెట్టెమీద మిల్-ఎస్‌టీడీ-810 అని ముద్రించి, సైనికదార్ఢ్యము గల యంత్రమని చెప్పుచున్నారు. అది 1962లో మొదట వెలువడి, 2019లో హెచ్ అను కూర్పుగా సవరింపబడిన అమెరికా రక్షణశాఖ పరీక్షావిధానముల గ్రంథము. వేడి, చలి, తేమ, ధూళి, కంపనము, పాటు మొదలగువానికి వేర్వేరు పరీక్షలు అందున్నవి. ఐతే ఏ యంత్రమునకు ఏ పరీక్షలు, ఎంత తీవ్రతతో జరుపవలెనో ప్రయోజనమును బట్టి నిర్ణయించుకొనవలెనని ఆ గ్రంథమే చెప్పుచున్నది. ఉత్తీర్ణతాపత్రము ఇచ్చు ప్రభుత్వాధికారి యెవ్వడును లేడు. పడవేయు పరీక్షలో నాలుగడుగుల ఎత్తునుండి 26 మారులు పడవేయవలసియుండగా, ఆ పాట్లను ఒక్క యంత్రముపైనే గాక అయిదింటివరకు పంచుటకు కూడ అనుమతి కలదు. కావున ఆ ముద్రను అబద్ధమనుట అన్యాయము; కాని ఏయే పరీక్షలు చేసిరో వివరముగా ప్రకటించిన సంస్థ మాటకును, ముద్ర మాత్రము వేసి ఊరకున్న సంస్థ మాటకును ఎంతో అంతరము కలదు. ఆ వివరము లేనిచోట ముద్రకు ఒక్క రూపాయి అదనముగా చెల్లింపనక్కరలేదు.

గత దశాబ్దమున మన్నికకు ఎక్కువ హాని చేసినది సన్నదనముపై వ్యామోహము. వ్రేలెడు మందము తగ్గించుటకై ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించిరి, బ్యాటరీని జిగురుతో అంటించిరి, చౌక నమూనాలలో నిలువ భాగమును ఈఎంఎంసీ అను చిప్పుగా బోర్డులో కలిపివేసిరి. అట్టిదానిలో ఒక్క చిప్పు చెడిన బోర్డంతయు మార్చవలెను. బోర్డు వెల యంత్రపు వెలలో సగమును మించును. ఎనిమిది జీబీతో కొని, రెండేండ్లకు పదునారు కావలెనన్నచో మార్గమే లేదు. దీనికి ప్రతిక్రియగా ఫ్రాన్సు దేశము 2021 జనవరినుండి ల్యాప్‌టాప్‌లు మొదలగువానిపై మరమ్మతు యోగ్యతను పదింటికిగాను మార్కులతో చూపవలెనని శాసించినది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టలు తెరచినది. 2024లో థింక్‌ప్యాడ్ టీ14 అయిదవ తరమును ఐఫిక్సిట్ అను మరమ్మతు నిపుణుల సంస్థ సలహాతో రూపొందించి, మరల రెండు ర్యామ్ గుంతలను పెట్టి, ఆ సంస్థచేత పదింట తొమ్మిది మార్కులు పొందుట చూడగా, గిరాకీదారు గట్టిగా అడిగినచో తయారీదారులు మనసు మార్చుకొందురని ఆశ కలుగుచున్నది.

ఇక పనికి తగిన శక్తి యెంత యన్నచో, టాలీ ప్రైమ్, ఎక్సెల్, బ్రౌజరు, వాట్సాప్ ఇవియే ప్రధానముగా నడుపు కార్యాలయమునకు ఇటీవలి కోర్ ఐ3 గాని రైజెన్ 3 గాని చాలును. ఐ5, రైజెన్ 5 లభించిన సంతోషమే, అంతకు మించినది వీడియో కూర్పు, ఇంజనీరింగ్ నమూనాలు చేయువారికే. ప్రాసెసరుపై మిగిల్చిన డబ్బును ర్యామ్‌పై పెట్టుట వివేకము: 16 జీబీ, అదియు మార్చుటకు వీలైన గుంతలో, నిలువకు 512 జీబీ ఎస్‌ఎస్‌డి. తిరుగు భాగములు లేనందున ఎస్‌ఎస్‌డి కుదుపులకు జంకదు. హార్డ్‌డిస్కుతో నడచు పాతయంత్రమునకు ఎస్‌ఎస్‌డి వేయించుటవలన కలుగు వేగము క్రొత్త ప్రాసెసరు కూడ ఈయజాలదు. తెర 1920×1080 బిందువులది, ప్రక్కనుండి చూచినను రంగు మారని ఐపీఎస్ జాతిది కావలెను. దినమంతయు అంకెలు చూచు కన్నులకు ఇది విలాసము కాదు. లెక్కలు వ్రాయువారికి కుడిప్రక్క అంకెల మీటల వరుస గల పదునైదున్నర అంగుళముల యంత్రము వేగము పెంచును. ఊరూర తిరుగు ప్రతినిధికి పదునాలుగు అంగుళములే మేలు.

మన వ్యాపారి మరువరాని చిన్న విషయములు మరికొన్ని. దాఖలాలకు వాడు డిజిటల్ సంతకపు డాంగిల్ పాత యూఎస్‌బీ రంధ్రములోనే పట్టును; బార్‌కోడ్ రీడరు, బిల్లుల ప్రింటరు కూడ అంతే. రెండు సన్నని యూఎస్‌బీ-సీ రంధ్రములు మాత్రమే గల అందమైన యంత్రముతో పాటు ఒక తోకపెట్టెను నిత్యము మోయవలసివచ్చును. ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్, ముఖ్యముగా 2020లో ఎం1 చిప్పుతో వచ్చినప్పటినుండి, ఫ్యాను లేని, బ్యాటరీ ఆశ్చర్యకరముగా నిలచు దృఢయంత్రమే. కాని టాలీ విండోస్‌పై మాత్రమే నడచును, ర్యామ్ మార్చుటకు వీలులేదు. అను ఫాంట్లతో పేజీమేకరులో శుభలేఖలు, కరపత్రములు కూర్చు మన డీటీపీ కేంద్రములకును విండోసే శరణ్యము. విండోస్‌లోను హోమ్ కంటె ప్రో కూర్పు వ్యాపారికి తగినది. యంత్రము దొంగిలింపబడినను ఖాతాదారుల పాన్, బ్యాంకు వివరములు పరులు చదువకుండ డిస్కును గుప్తీకరించు బిట్‌లాకర్ నిర్వహణ అందు పూర్తిగా లభించును.

ఇప్పుడు ఈ ప్రశ్నలో అన్నింటికంటె ఫలవంతమైన భాగమునకు వచ్చుచున్నాను. కంపెనీల చట్టము రెండవ షెడ్యూలు ల్యాప్‌టాప్‌లకు మూడేండ్ల ఆయుర్దాయమును మాత్రమే లెక్కించినది. పెద్ద సంస్థలు వారంటీ ముగియుటతోనే, అనగా మూడు నాలుగేండ్లకు, పనిచేయుచున్న యంత్రములను గుంపుగా తీసివేయును. మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయములనుండి అట్లు వెలువడిన ఉన్నతశ్రేణి యంత్రములు శుభ్రపరచబడి, సికింద్రాబాదు ప్యారడైజు చెంతనున్న చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి బజారులకు, అటనుండి జిల్లాలకు చేరుచున్నవి. ఢిల్లీ నెహ్రూ ప్లేసు, చెన్నై రిచీ వీధి, బెంగళూరు ఎస్పీ రోడ్డులలోను ఇదే వ్యవహారము. క్రొత్తదాని వెలలో మూడవవంతుకో, కొంచెము పైకో దొరకు అట్టి యంత్రము, అంతే వెలకు లభించు క్రొత్త గృహశ్రేణి యంత్రముకంటె ఎక్కువకాలము నడచునని చెప్పుటకు నేను సంకోచింపను. దాని కీళ్ళు లోహమునకు బిగింపబడినవి, దాని భాగములు బజారున నున్నవి, దానిని విప్పుట తెలిసిన పనివారు ప్రతి పట్టణమునను కలరు.

ఐతే ఎల్ల పాతయంత్రములును గ్రాహ్యములు కావు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సాధారణ పోషణ నిలిపివేసినది. విండోస్ 11 నియమముల ప్రకారము టీపీఎం 2.0 చిప్పు, ఇంటెల్‌లో ఎనిమిదవ తరము గాని ఆ తరువాతిది గాని కావలెను. 2017 ఆగస్టునుండి వచ్చిన ఈ ఎనిమిదవ తరములోనే సన్నని యంత్రముల ఐ5 ప్రాసెసరు రెండు కోర్లనుండి నాలుగింటికి పెరిగినది. కనుక ఈ గీత నియమమును బట్టియే కాక న్యాయమును బట్టియు సరిపోవుచున్నది. ఆరు, ఏడవ తరముల యంత్రములు ఎంత చౌకగా వచ్చినను వ్యాపారి తాకరాదు. ఎనిమిదవ తరపు థింక్‌ప్యాడ్ టీ480, రెండు ర్యామ్ గుంతలతో, యంత్రము ఆపకయే మార్చదగు వెలుపలి బ్యాటరీతో, నేటికిని ఆదరము పొందుచున్నదిగాని, ఇప్పుడు కొనువారు వీలున్నంతవరకు పది, పదునొకండవ తరములకు పోవుట దూరదృష్టి. ఏలయన అంగీకార గీత ఎప్పుడైనను మరల జరుగవచ్చును.

కొనునప్పుడు పరీక్షింపవలసినవి పైపూత మెరుగు కాదు. మొదట యంత్రమును ఆపి, మరల తెరచి, బయోస్‌లోనికి పోయి రహస్యపదము అడుగుచున్నదేమో చూడవలెను. పాత యజమాని సంస్థ పెట్టిన పదము మిగిలియున్నచో అది విడిపించుట బహుకష్టము. తరువాత విండోస్ క్రొత్తగా ఎక్కించి, అంతర్జాలమునకు కలుపగా ఏదైన సంస్థ పేరుతో లాగిన్ తెర వచ్చెనేని, ఆ యంత్రము ఇంకను ఆ సంస్థ నియంత్రణలోనే నమోదై యున్నదని గ్రహించి వదలివేయవలెను. పవర్‌సీఎఫ్‌జీ అను ఆదేశముతో వచ్చు బ్యాటరీ నివేదికలో తయారైననాటి ధారణశక్తియు నేటిదియు ప్రక్కప్రక్కన కనబడును. ఎస్‌ఎస్‌డి ఆరోగ్యమును స్మార్ట్ నివేదిక తెలుపును. తెరను ఒక మూలతో పట్టి నెమ్మదిగా కదపి, కీలు వద్ద డొప్ప ఎడమగుచున్నదా అని చూచుట, ఛార్జరు పిన్నును కొంచెము కదపినను ఛార్జింగ్ ఆగకుండునా అని చూచుట అర నిమిషపు పని. ఛార్జరుపై బీఐఎస్ గుర్తును ఆర్ అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యయు లేనిచో ఆ ఛార్జరును దుకాణములోనే వదలి మంచిదానిని కొనుట మేలు. నకిలీ ఛార్జరు ఆదా చేయు వందలు మదర్‌బోర్డు రూపమున వేలుగా తిరిగి పోవును.

వెలను గూర్చి వ్యాపారి వేయవలసిన లెక్క సామాన్య గృహస్థుని లెక్క కాదు. ల్యాప్‌టాప్‌పై జీఎస్టీ 18 శాతము. సాధారణ విధానమున నమోదైన వ్యాపారి తన సంస్థ పేరున, తన జీఎస్టీ సంఖ్యతో బిల్లు తీసికొని, వ్యాపారమునకే వాడినచో ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా పొందును. కాంపోజిషన్ విధానములో నున్నవారికి ఆ వీలు లేదు. పన్ను భాగముపై కూడ తరుగుదల చూపినచో క్రెడిట్ పోవును. కనుక తరుగుదలను పన్ను మినహా వెలపైననే కట్టవలెను. ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటర్లకు తరుగుదల 40 శాతము, కొనిన సంవత్సరములో 180 దినములకంటె తక్కువ వాడినచో అందులో సగము. ఇవన్నియు తీసివేయగా మిగిలిన నికరపు వెలకు, ముందు వచ్చు బ్యాటరీ, ఒకసారి కీబోర్డు, ఏటేట శుభ్రపరచు ఖర్చు చేర్చి, నడచు సంవత్సరములతో భాగించిన వచ్చునదియే నిజమైన వెల. ఉదాహరణకు, నలుబదివేలకు కొని మూడేండ్లకు కీలు విరిగి మూలబడిన యంత్రము ఏటికి పదమూడువేలకు పైబడిన ఖర్చు. డెబ్బదివేలకు కొని, ఎనిమిదివేలు మరమ్మతులకు పెట్టి, ఏడేండ్లు నడపిన యంత్రము ఏటికి పదకొండువేల చిల్లర. ఆగిన పనిదినములను ఈ లెక్కలో చేర్చనేలేదు.

చివరగా సేవ. దుకాణదారు చెప్పు మూడేండ్ల వారంటీలో యంత్రమును మనమే మోసుకొనిపోవలసినది వేరు, మరునాటి పనిదినముననే మనిషి మన బల్లవద్దకు వచ్చునది వేరు. ఈ రెండవదానిని ఆన్‌సైట్ అందురు, చాల వ్యాపార శ్రేణులలో కొంత అదనపు రుసుముతో లభించును. ఐతే హైదరాబాదు, విజయవాడ, విశాఖలలో మరునాడు వచ్చు మనిషి మార్కాపురమునకో, ఆసిఫాబాదునకో మరునాడే రాగలడని భ్రమింపరాదు. మీ ఊరి పిన్‌కోడునకు ఆ సేవ వర్తించునా, ఎన్ని దినములలో అని సంస్థనే వ్రాతమూలకముగా అడిగి, వారి జవాబును బిల్లుతో కలిపి భద్రపరచవలెను. యంత్రపు సీరియల్ సంఖ్యను సంస్థ వెబ్‌సైటులో పెట్టి, వారంటీ ఏ తేదీనుండి మొదలైనదో కొన్న దినముననే సరిచూచుకొనవలెను. దుకాణములో నెలల తరబడి నిలువయున్న యంత్రమునకు వారంటీ కొనకముందే కరగిపోవుచుండుట కలదు, బిల్లు చూపినచో సంస్థలు ఆ తేదీని సవరించును. సేవ అందని ఊరిలో నున్నవారు ఆన్‌సైట్ రుసుముగా చెల్లింపదలచిన డబ్బుతో పాత శ్రేణి యంత్రము నొకదానిని అదనముగా కొని, ప్రతి సాయంకాలము టాలీ దత్తాంశమును దానిలోనికిని, ఒక పెన్‌డ్రైవులోనికిని ఎత్తిపెట్టుకొనుట, నేనెరిగినంతలో, అధిక ఫలము నిచ్చు ఏర్పాటు.